ఇర్ఖున్నసా
మా అబ్బాకి తుంటి నుంచి మడమ దాకా దర్ద్. హకీమ్ సాబ్ 'ఇర్ఖున్నసా' అంటే 'నిసా' అని విని, ఔరతుల బీమారీ అనుకుని శరమ్‌తో రెండేళ్లు దాచుకున్నారు. అరబీలో 'నసా' అంటే తుంటి నుంచి కాలికి దిగే రగ్, అంతే! అందులూసియా జర్రాహ్ అల్ జహ్రావీ దీనికి వాతలు పెట్టమన్నాడు. 1764లో నేపుల్స్ హకీమ్ కొటున్యో కీలు నొప్పి వేరు, నరం నొప్పి వేరని తేల్చాడు. 1895లో అమెరికాలో పామర్ చేతులతో వెన్ను సర్దే కైరోప్రాక్టిక్ మొదలెట్టాడు. అతని పహెలా మరీజ్‌కి నడుం నొప్పి కాదు, చెవుడు! అసలు ముజ్రిమ్‌ని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ చూపించారు: నరాన్ని నొక్కే చిట్లిన డిస్క్. వెన్ను సర్దితే కొందరికి రాహత్ దొరుకుతుంది. మూత్రం ఆగినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం ఫౌరన్ పెద్ద దవాఖానాకే.