మనస్సును పాఠముగా చదువుట

అమెరికా దేశపు బాలబాలికలు బడిలో మనశ్శాస్త్రము చదువుట నిన్నమొన్న మొదలైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడి విద్యాలయములలో దానికి మానసిక తత్త్వమని పేరు. బోడన్ కళాశాలాచార్యుడును మతగురువునగు థామస్ అపమ్ 1831 లో ఆ పేరుతో ప్రకటించిన గ్రంథము బహుళప్రచారము పొందెను. ఆయన మనస్సును బుద్ధి, సంవేదన, సంకల్పము అని మూడుగా విభజించెను. (మన సాంఖ్యులును అంతఃకరణమును మూడుగానే చెప్పిరి, పోలిక సంఖ్యతోనే సరి.) అప్పటి పాఠమునకు ప్రయోగముతో పనిలేదు, శీలనిర్మాణమే దాని గురి.

1879 లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్ నగరమున ప్రయోగశాల నెలకొల్పిన పిదప శాస్త్రము దారి మార్చినది. కళాశాల స్థాయి పాఠమును బడిలోనే చెప్పి పరీక్షించు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పద్ధతిని కాలేజీ బోర్డు 1955 లో చేపట్టెను. అందు మనశ్శాస్త్రమునకు తొలి పరీక్ష 1992 లో జరిగినది. కోరినవారే చదువు ఈ పాఠమునకు ఇటీవల ఏటేట మూడు లక్షలకు పైగా పరీక్షకు కూర్చుండుచున్నారు.

ఇందలి పాఠము లెట్టివో ఒక్కటి చెప్పెదను. 1974 లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను పరిశోధకులు కార్లు ఢీకొను చలనచిత్రములను విద్యార్థులకు చూపి, వాని వేగ మెంతయని అడిగిరి. ‘తాకినప్పుడు’ అని ప్రశ్నింపబడినవారు సగటున గంటకు 31.8 మైళ్లనిరి, ‘గుద్దుకొని నుగ్గైనప్పుడు’ అని ప్రశ్నింపబడినవారు 40.8 మైళ్లనిరి. చూచిన చిత్రములు అవియే, మారినది క్రియాపదము. పదునారేండ్ల పిల్ల యిది చదివిన రాత్రి తన జ్ఞాపకమునే బోనులో నిలిపి ప్రశ్నింపక మానదు. రసాయనశాస్త్రము చదివినవానికి గంధకముపై సందేహము పుట్టవచ్చునుగాని, తనపై పుట్టదు. పెద్దలకు ఈ పాఠముపై కన్నుండుటకు కారణ మిదియే కాబోలు.

ఫ్లోరిడా రాష్ట్రమున లింగభావము, లైంగికప్రవృత్తి బోధింపరాదని 2022 లో చిన్నతరగతులకు చేసిన శాసనపు కట్టడిని 2023 ఏప్రిలులో అక్కడి విద్యామండలి 12వ తరగతివరకు పొడిగించెను. ఆ విషయములు ఈ పాఠ్యక్రమమున తొలినుండియు నున్నవి. ఆ భాగము తొలగించినచో తమ పాఠము పేరు పెట్టరాదని ఆగస్టు 3వ తేదీన కాలేజీ బోర్డు ప్రకటించెను. మరునాడే రాష్ట్ర విద్యాధికారి, వయసుకు తగినరీతిని పాఠమంతయు చెప్పవచ్చునని లేఖ వ్రాసెను. అంతకుముందు సంవత్సరము ఆ రాష్ట్రమున దీనిని చదివినవారు 28,000 మందికి పైగా. బడులు తెరచుటకు దినములే మిగిలినందున కొన్ని మండలములు వేరు సంస్థల పాఠములకు మరలినవి.

వయసు నెరిగి చెప్పవలెననుటను ఏ ఉపాధ్యాయుడును కాదనడు. కాని కట్టడిని ఎత్తివేయక, చెప్పవచ్చునని లేఖ మాత్రము వ్రాసినచో, రేపు తగవు వచ్చినప్పుడు బోధనానుమతికి ముప్పు ఎవరిది? లేఖ వ్రాసినవారిది కాదు.

2024 లో పాఠ్యక్రమమును తొమ్మిది విభాగములనుండి ఐదింటికి కుదించిరి. వివాదపడిన ఆ పాఠము, వికాసమును గూర్చిన మూడవ విభాగమున, అట్లే యున్నది.