చుట్టకు నిప్పు అడగడం: ఒక మర్యాద చరిత్ర

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఈ సామెత వినని తెలుగువారు అరుదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల విద్యార్థులు చాలామంది ఇంట్లో పెద్దల నోట వినే ఉంటారు. సమయం సందర్భం ఎరగని మనిషిని ఎత్తిపొడవడానికి దీన్ని వాడతాం. అయితే కొంచెం నిదానించి చూస్తే ఇందులో మరొక సంగతి కనిపిస్తుంది. నిప్పు అడగడం తప్పని సామెత అనడం లేదు. అడిగిన వేళ తప్పంటున్నది. అంటే చుట్టకు నిప్పు అడగడం ఒకప్పుడు మామూలు పని అనీ, దానికి ఒక వేళాపాళా ఉండేదనీ అర్థం. ఆ తీరుతెన్నులను గురించే ఈ వ్యాసం.

ముందు మాటల సంగతి చూద్దాం. పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అసద్ బేగ్ దాన్ని బిజాపూరు నుండి అక్బరు కొలువుకు తీసుకుపోయాడు. జహంగీరు 1617లో పొగ తాగడాన్ని నిషేధించాడు. ఉత్తరాది భాషలు ఈ వస్తువుతోపాటు పరాయి పేరును కూడా తీసుకొని 'తమాకు' అన్నాయి. మన ప్రాంతపు మూడు భాషలు మాత్రం సొంత మాటలతో పేరు కట్టుకున్నాయి. తెలుగులో పొగాకు, తమిళంలో పుగైయిలై, కన్నడంలో హొగెసొప్పు. మూడింటిలోనూ మొదటి మాట పొగే, రెండవది ఆకే. ఈ మూడు భాషలూ ఒకే సంతలో వినిపించే హోసూరులో దీన్ని వివరించి చెప్పవలసిన పనే లేదు.

చుట్ట విషయం ఇంకొంచెం ఆసక్తికరం. తమిళంలో దాన్ని సురుట్టు అంటారు. ఇంగ్లీషులోని 'చెరూట్' దీని నుండి పుట్టిందే. వినడానికి చుట్ట, సురుట్టు ఒకటే అనిపిస్తాయి గానీ, ధాతువులు వేరు. సురుట్టు 'సురుళ్' కుటుంబానికి చెందినది. మన చుట్ట 'చుట్టు' నుండి వచ్చింది. చుట్టం అనే మాటా ఆ 'చుట్టు' నుండి వచ్చినదే. తమిళంలో దానికి సాటి మాట సుఱ్ఱం. మన చుట్టూ ఉండేవాడు చుట్టం, ఆకును చుట్టి చేసినది చుట్ట. ఒకే ధాతువుకు పుట్టిన ఈ రెండింటికీ బతుకులో కూడా కొంత పొత్తు ఉండేది.

ఆ పొత్తుకు నియమాలున్నాయి. మొదటిది మరుగు. తండ్రి ఎదుట, మామ ఎదుట, గురువు ఎదుట చుట్ట కాల్చరాదు. పెద్దవాడు వస్తుంటే వెలుగుతున్న చుట్టను వెనక్కి దాచుకోవడమో, ఆర్పి చెవిమీద పెట్టుకోవడమో చేసేవారు. కొడుకు కాలుస్తాడని తండ్రికి తెలియకపోదు. తెలిసినా తెలియనట్టుండడం తండ్రి వంతు మర్యాద. రెండవది నిప్పు. 'రవ్వంత అగ్గి ఇయ్యన్నా' అని దారిన పోయే మనిషి అడిగితే లేదనడం తప్పు. ఆ ఒక్క మాటతో ఊరూ పేరూ తెలియని వాణ్ణి అన్నా అని పిలిచి, నాలుగు మాటలు కలపడానికి వీలు కలిగేది. మూడవది ఎంగిలి. నిప్పు ఇవ్వవచ్చు గాని నోట పెట్టిన చుట్టను ఎవరితో పడితే వారితో పంచుకోరు. ఇక్కడే మర్యాద కులం హద్దులను కూడా మోసేదని మనం మరచిపోరాదు.

ఈ నియమాలు తెలిస్తేనే 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గిరీశం ఎందుకంత నవ్విస్తాడో తెలుస్తుంది. గురువు ఎదుట దాచుకోవలసిన చుట్టను గురువే శిష్యుడికి నేర్పాడు. వెంకటేశం దెప్పేదీ ఆ మాటే. గురజాడవారు లోకమర్యాదను తలకిందులు చేసి చూపించారు.

అదే కాలంలో మన చుట్ట సముద్రాలు దాటింది. గోదావరి లంకలలో పండే పొగాకుతో చేసిన చుట్టలను ఇంగ్లీషువారు 'లంకా' అనే పిలిచారు. 1890లో వెలువడిన కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్ నవలలో ఆ పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులోనూ చుట్టకు మరుగుండేది. భోజనమయ్యాక స్త్రీలు వేరే గదిలోకి వెళ్లాకనే పురుషులు వెలిగించేవారు. మనకు వయసు అడ్డు, వారికి స్త్రీల సన్నిధి అడ్డు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో స్త్రీలే నిప్పున్న కొసను నోటిలో పెట్టుకొని అడ్డపొగ తాగేవారు. ఆ ఆచారం వెల కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనం, అడ్డపొగ వలన అంగిలిలో కలిగే మార్పులను వివరించింది. అవి కాన్సరుకు దారి తీయగలవు. మర్యాదగా కాల్చినా అమర్యాదగా కాల్చినా పొగ చేసే హాని ఒకటే.

అగ్గిపెట్టె చవకైన కొద్దీ నిప్పు అడిగే అవసరం తగ్గింది. తరువాత బీడీ, సిగరెట్టు చుట్టను పక్కకు నెట్టాయి. 2008 అక్టోబరు 2 నుండి దేశమంతటా బహిరంగ స్థలాలలో పొగ తాగడం మీద కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. చుట్ట పోవడం మంచిదే. దానికి మేము విచారించడం లేదు.

విచారం వేరొకటి ఉన్నది. 1956లో రాష్ట్రాలను భాషలవారీగా పునర్విభజించినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2006లో వచ్చిన చట్టంతో బడులలో తమిళం ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం నష్టం కాదు, లాభమే. కాని తెలుగు ఇంటికే పరిమితమైనప్పుడు, ఇంట్లో వాడుక పోయిన మాటను ఏ పుస్తకమూ తిరిగి ఇవ్వదు. చుట్ట పోతే పీక, చెకుముకి, మరుగు, 'అగ్గి ఇయ్యన్నా' అనే పిలుపు కూడా దాని వెంట పోతాయి. వస్తువు పోయినా మాటను నిలుపుకోవడం చదువుకున్నవారి పని. కాబట్టి ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతను, అవ్వను కూర్చోబెట్టి అడగండి: మీ కాలంలో ఎవరి ముందర కాల్చేవారు కాదు? నిప్పు ఏమని అడిగేవారు? చెప్పినది చెప్పినట్టే, వారి యాసలోనే రాసుకోండి. ఇలా అడగడానికి వేళ మించిపోలేదు గాని, ఎంతో మిగిలి లేదు.