బంతి భోజనం

బంతి భోజనం అనగా పెళ్ళి, ఉపనయనం, గృహప్రవేశం మొదలైన శుభకార్యాలలో అతిథులను వరుసలలో కూర్చోబెట్టి, ఆకులు వేసి వడ్డించే పద్ధతి. సంస్కృత పదమైన "పంక్తి"కి "బంతి" వికృతి. వందలాది మంది ఒకేచోట భుజించే సందర్భంలో, ప్రతి అతిథికీ తనను ఆదరించారన్న తృప్తి కలిగించే చిన్న చిన్న జాగ్రత్తలు ఎన్నో ఈ పద్ధతిలో ఇమిడి ఉన్నాయి.

ఏర్పాట్లు

పూర్వం నేలపై చాపలు పరచి అతిథులను కూర్చోబెట్టేవారు. తరువాతి కాలంలో బల్లలు, కుర్చీలు వాడుకలోకి వచ్చాయి. అరటి ఆకులు గానీ, మోదుగాకులతో లేదా అడ్డాకులతో కుట్టిన విస్తళ్ళు గానీ వేస్తారు. అరటి ఆకు కొస భోజనం చేసేవారి ఎడమవైపు ఉండాలి. వెడల్పైన భాగం కుడివైపు ఉన్నందువలన అన్నం కలుపుకోవడం సులువవుతుంది. వడ్డించేవారు తిరగడానికి వరుసల మధ్య తగినంత చోటు వదులుతారు.

వడ్డన

సాధారణంగా పచ్చళ్ళు, కూరలు, తీపి పదార్థం ముందుగా వడ్డించి, ఆ తరువాత అన్నం, పప్పు, నెయ్యి వడ్డిస్తారు. పులుసు, చారు, పెరుగు వరుసగా వస్తాయి. ఈ క్రమం ప్రాంతాన్ని బట్టి కొంత మారుతుంది. అందరికీ వడ్డన పూర్తయ్యేవరకు భోజనం మొదలుపెట్టకపోవడం, పక్కవారు ముగించకముందే లేవకపోవడం మర్యాదగా భావిస్తారు.

అతిథి మొహమాటం వలన అడగకపోవచ్చు. అందుచేత ఆకులో ఏది నిండుకున్నదో కనిపెట్టి మారు వడ్డించడం వడ్డించేవారి నేర్పు. చాలునని తెలపడానికి అతిథి ఆకుపై చేయి అడ్డం పెడతాడు. భోజనానంతరం తాంబూలం ఇస్తారు.

కడపటి బంతి

"వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అని సామెత. చివరి బంతికి పదార్థాలు తరిగిపోతాయన్న భయం ఇందులో కనిపిస్తుంది. సాధారణంగా ఆ బంతిలో కూర్చునేది వంటవారు, వడ్డించినవారు, ఇతర పనివారు. వారికి కూడా అన్ని పదార్థాలు అందేలా ముందుగానే కొంత తీసి ఉంచడం మంచి నిర్వహణకు గుర్తు. ఒకే బంతిలో కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా వడ్డించడాన్ని పంక్తిభేదం అంటారు. దీనిని దోషంగా పరిగణిస్తారు.

వివక్ష, సంస్కరణ

అయితే ఈ మర్యాదలు అందరికీ దక్కలేదు. కులాన్ని బట్టి వేర్వేరు బంతులు వేయడం, దళితులను దూరంగా కూర్చోబెట్టడం దీర్ఘకాలం కొనసాగింది. ఎంత శ్రద్ధగా వడ్డించినా, వేరుగా కూర్చోబెట్టడమే అవమానం. దీనికి వ్యతిరేకంగా సంఘ సంస్కర్తలు సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా (1902–1975) వీటిని నిర్వహించినవారిలో ఒకరు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది.

నేటి పద్ధతులు

ప్రస్తుతం బఫే పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉన్నది. అతిథి తనకు కావలసినది, కావలసినంత తీసుకోవడం ఇందులోని సౌకర్యం. కానీ పళ్ళెం పట్టుకుని నిలబడి తినడం వృద్ధులకు, చంటిపిల్లల తల్లులకు కష్టం. ఈ కారణంగా కొన్ని వేడుకలలో బఫేతో పాటు బంతి కూడా వేస్తారు.