రైలు ఆగిన చోట మొలిచిన అడవి

బెర్లిన్ నగరం దక్షిణ భాగంలో, షోనెబెర్గ్ ప్రాంతంలో, ఒకప్పుడు టెంపెల్‌హోఫ్ గూడ్సు యార్డు ఉండేది. 19వ శతాబ్దం చివర్లో మొదలైన ఈ యార్డులో సరుకు బోగీలను విడదీసి, వెళ్లవలసిన ఊళ్ల వారీగా మళ్లీ జతచేసి పంపేవారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నగరం రెండు ముక్కలైంది. పశ్చిమ బెర్లిన్‌లోని రైలు మార్గాలు కూడా తూర్పు జర్మనీ రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. సరుకు రాక తగ్గిపోయి 1952లో యార్డు పని ఆగింది. నేల ఒకరి ఊళ్లో, అజమాయిషీ ఇంకొకరి చేతిలో ఉండటంతో అక్కడ ఇల్లు కట్టినవారు లేరు, తోట వేసినవారూ లేరు. దశాబ్దాల పాటు మనుషుల రాకపోకలు పెద్దగా లేని ఆ చోట కంకర సందుల్లోంచి గడ్డి లేచింది, గడ్డిలోంచి పొదలు, పొదల్లోంచి బర్చ్, రొబినియా చెట్లు లేచాయి. ఈ అడవిని ఎవరూ నాటలేదు. కానీ దాన్ని నిలబెట్టింది మాత్రం మనుషులు పనిగట్టుకుని చేసిన ఒక పరిశీలన. పాత రైలుదారిని నడకదారిగా మార్చాలనే ఆలోచన ఇప్పుడు ఎన్నో దేశాల్లో వినిపిస్తోంది కనుక, బెర్లిన్‌లో ఏ పని తర్వాత ఏ పని జరిగిందో శ్రద్ధగా చూడాలి. అక్కడ ముందు ప్రాణుల లెక్క తీశారు, దారి ఆ తర్వాత వేశారు. ఈ వరుస తారుమారైతే లెక్క తీసినా దానివల్ల ఒరిగేదేమీ లేదని నా వాదన.

1970ల చివర్లో నగర ప్రభుత్వం ఆ చోట కొత్త సరుకు స్టేషను కట్టాలనుకుంది. చెట్లు కొట్టేస్తారని తెలిసి 1980లో స్థానికులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పచ్చదనం మీద ప్రేమ ఒక్కటే వారి బలమై ఉంటే ఆ పోరాటం ఎంత దూరం వెళ్లేదో చెప్పలేం. అదృష్టవశాత్తూ బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ సుకోప్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన సహచరులు అప్పటికే నగరంలోని మొక్కల మీద లోతైన పని చేస్తున్నారు. నగరాన్ని విడదీస్తూ బెర్లిన్ గోడ కట్టాక చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్లే వీలు లేక, బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాల మధ్య, పాడుబడ్డ పట్టాల పక్కన ఏం మొలుస్తోందో వాళ్లు నమోదు చేస్తూ వచ్చారు. ఆ పద్ధతి యార్డుకు అక్కరకొచ్చింది. ఏ మూల ఏ మొక్క ఉందో పటాలు గీశారు, పురుగులనూ పక్షులనూ లెక్కించారు. కంకర, ఇసుక, ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పోసిన మట్టి, బోగీల్లోంచి రాలిన గింజలు, ఇవన్నీ కలిసి చుట్టుపక్కల మరెక్కడా లేని నేలను తయారుచేశాయని అప్పుడు బయటపడింది. పై నుంచి పిచ్చిమొక్కల దిబ్బలా కనిపించిన చోట 360కి పైగా జాతుల ఫెర్నులు, పూలమొక్కలు, సుమారు 95 రకాల అడవి తేనెటీగలు, 30 జాతుల గూడుకట్టే పక్షులు ఉన్నట్టు లెక్క తేలింది. చివరికి సరుకు స్టేషను ప్రణాళికను పక్కన పెట్టారు.

ఇంతవరకూ చెప్పింది విని, అడవిని దాని మానాన వదిలేస్తే చాలు కదా, ఈ లెక్కలెందుకు అనేవారుంటారు. ఈ అభ్యంతరానికి బలమైన జవాబు ఆ లెక్కల్లోనే ఉంది. 1981లో యార్డు నేలలో చెట్లూ పొదలూ కప్పిన భాగం సుమారు 37 శాతం. పదేళ్లు తిరిగేసరికి అది 70 శాతానికి చేరింది. ఎండ తగిలే పొడి గడ్డినేల చెట్ల నీడ కిందకు వేగంగా పోతోంది. అరుదైన తేనెటీగలూ మిడతలూ ఆధారపడింది సరిగ్గా ఆ గడ్డినేల మీదే. చేతులు కట్టుకుని కూర్చుంటే అడవి మిగులుతుంది, కాపాడాలనుకున్న ప్రాణులు మిగలవు. ఒక్కసారి వెళ్లి చూసి రాసుకున్న జాబితాతో ఈ సంగతి తెలిసేది కాదు, పదేళ్ల ఎడంతో రెండుసార్లు పటం గీయబట్టే తెలిసింది. అందుకే అక్కడ నేలను మూడు రకాలుగా విభజించారు. కొన్ని చోట్ల గడ్డి కోసి, మేపించి మైదానంగా ఉంచుతారు. కొన్ని చోట్ల చెట్లను పలచగా ఉండనిస్తారు. మిగిలిన చోట అడవి తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది.

దారి సంగతి ఆ తర్వాత వచ్చింది. జర్మనీ ఏకమయ్యాక కొత్త రైల్వే పనుల వల్ల ప్రకృతికి జరిగే నష్టానికి పరిహారంగా ఈ 18 హెక్టార్ల నేలను ఉద్యానంగా కాపాడాలని నిర్ణయించారు. 1999లో రక్షిత ప్రాంతంగా ప్రకటించి, 2000లో జనానికి తెరిచారు. నడకదారులు చాలావరకు పాత పట్టాల వెంటే సాగుతాయి, కొత్తగా నేల తవ్వవలసిన అవసరం అలా తప్పింది. అన్నిటికన్నా సున్నితమైన గడ్డినేల మీదుగా మాత్రం నేలకు కాస్త ఎత్తున ఇనుప వంతెన లాంటి బాట వేసి, దాన్ని దిగకూడదని నియమం పెట్టారు. సైకిళ్లను రానివ్వరు. నీళ్ల ట్యాంకు, ఇంజన్లు తిప్పే చక్రవేదిక, తుప్పు పట్టిన పట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జనం ఎక్కడ నడవవచ్చో, ఎక్కడ కూడదో చెప్పింది గుత్తేదారు కాదు, ఆ పటాలు.

రొబినియా అమెరికా నుంచి వచ్చిన చెట్టు, ఇలాంటి పరాయి మొక్కల గుంపును అడవి అనవచ్చా అని ఇంకొక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ గూడు కట్టే పిట్ట చెట్టు పుట్టుపూర్వోత్తరాలు అడగదు. ఏ మొక్క ఎవరికి ఆధారమో, ఏది ఎవరిని తరిమేస్తోందో చూసి తేల్చాలి తప్ప పేరు చూసి కాదు, అది తేల్చాలన్నా పరిశీలనే దిక్కు. ఇక ఖర్చూ కాలయాపనా అనే మాట దారి కోసం ఎదురుచూసే జనం నుంచి వస్తుంది. నగరవాసికి చెట్ల నీడన నడిచే హక్కు ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఇంగ్లండులోని బాత్ పట్టణం చూడండి. 1966లో మూతపడ్డ అక్కడి కూమ్ డౌన్ రైలు సొరంగం పొడవు 1.6 కిలోమీటర్లకు పైనే. 2013లో దాన్ని నడకకూ సైకిళ్లకూ తెరిచారు, రాత్రి పొద్దుపోయాక దీపాలు ఆపేస్తారు. గబ్బిలాలకు చీకటి మిగిలింది, మనుషులకు దారి దొరికింది. గబ్బిలాలు ఉన్నాయని ముందు తెలిస్తేనే కదా దీపాలు ఎప్పుడు ఆర్పాలో తెలిసేది!

తొందరపడితే ఏమవుతుందో సింగపూర్ చూపించింది. మలయా రైల్వే నేల 2011లో సింగపూర్ చేతికి వచ్చాక, 24 కిలోమీటర్ల ఆ మార్గాన్ని పచ్చటి నడకదారిగా ఉంచాలన్న ప్రకృతి ప్రేమికుల కోరికను ప్రభుత్వం మన్నించింది. మంచి నిర్ణయం. కానీ 2021 మొదట్లో అదే దారి పక్కన క్రాంజి దగ్గర, వేరే నిర్మాణం కోసం కొన్ని హెక్టార్ల వనాన్ని జీవవైవిధ్య అధ్యయనం పూర్తి కాకముందే పొరపాటున నరికేశారు. ఆ తర్వాత విచారణ జరిపినా, అక్కడ ఏమేం ఉండేవో ఇక పూర్తిగా తెలిసే వీలు లేదు. అధ్యయనం జరుగుతూనే ఉంది, దాని మాట వినేదాకా యంత్రం మాత్రం ఆగలేదు.

ఈ చర్చ మన నేలకు దూరమైనది కాదు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో 1880లలో కట్టిన మీటర్‌గేజి మార్గం మీద దొరబావి వంతెన ఉంది. బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు లైనును వేరే దారిన తీసుకెళ్లడంతో పాతది వాడకం నుంచి తప్పుకుంది, ఆ ఎత్తయిన స్తంభాలు ఇంకా లోయలో నిలబడి ఉన్నాయి. అలాంటి చోటికి ఎప్పుడో ఒకప్పుడు పర్యాటకుల బాట అన్న ప్రతిపాదన రాక తప్పదు. నల్లమల పులి తిరిగే అడవి, బెర్లిన్ యార్డు కన్నా ఎన్నో రెట్లు సున్నితమైనది. అక్కడ ఎండాకాలంలో ఒక్క చలమ చుట్టూ చేరే జంతువులు వానాకాలంలో అక్కడ కనిపించవు, కాబట్టి ఒక్క నెల సర్వే చాలదు, కనీసం ఏడాది పొడవునా అన్ని కాలాలూ చూడాలి. పాత కట్టను ఏ జంతువు దారిగా వాడుకుంటోందో, తూముల చీకట్లో ఏ గబ్బిలాలు వేలాడుతున్నాయో, ఏ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయో ఆ అడవిలోనే బతికే చెంచులకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు, వాళ్లను సర్వేలో కూలీలుగా కాక సభ్యులుగా కూర్చోబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫలానా మైలు దగ్గర దారి వద్దని సర్వే తేలిస్తే దారి అక్కడ ఆగిపోవాలని టెండరు పిలవకముందే కాగితం మీద రాసి ఉండాలి.