బొగ్గు బస్సు మొదలు అంబాసిడరు దాక: ఇంధనపు త్రోవను వెదకిన విద్య

మోటారు చరిత్ర యనగానే మన పత్రికలలో జమీందారుల రోల్స్‌రాయిసులును, దొరల ఫోర్డులును దర్శనమిచ్చుటయే గాని, నడిబాటలో నిలిచిపోయిన బస్సు క్రింద దూరి, ఇంధన మెచ్చట నాగినదో కనిపెట్టి, ప్రయాణికులను చీకటి పడకమున్నె ఊరు చేర్చిన డ్రైవరు, క్లీనరుల ప్రజ్ఞ ప్రస్తావనకు వచ్చుట మిక్కిలి యరుదు. ఆ ప్రజ్ఞ కేవలము చేతివాటము గాదనియు, కార్యమును చూచి కారణమును నిర్ణయించు తర్కమునకు అది ఉత్తమోదాహరణమనియు, గ్రంథస్థము కాని కారణమున దానికి చరిత్రలో స్థానము దక్కకుండుట అన్యాయమనియు నా దృఢవిశ్వాసము. ఆ విద్య యెట్లు పుట్టి పెరిగినదో పరిశీలించుటకు రాయవేలూరు–గుడియాత్తము బాట వంటి తావులే తగినవి.

రాయవేలూరు నుండి పాలారు వంతెన దాటి, కాట్పాడి కడ పడమటికి మరలి, లత్తేరి, కే.వి.కుప్పము మీదుగా కౌండిన్యానదీ తీరమున నున్న గుడియాత్తమును చేరు ఈ బాటకు ఇంచుమించు తోడుగనే రైలుదారియు కలదు. 1856 జులై 1వ తేదీన మదరాసు రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు నడచిన దక్షిణదేశపు తొలి రైలుబండి దారి, అటుపై కొద్దియేండ్లలోనే ఈ లోయ వెంబడి పడమటికి సాగినది. అయితే రైలు నిలయములకు దూరమైన పల్లెలకు ఎడ్లబండియే గతియై యుండగా, ఆ కొఱతను తీర్చినవి బస్సులే. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడు వరకు ఇటు చిత్తూరు, పలమనేరులును, అటు వేలూరు, గుడియాత్తములును ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే. జిల్లా యెల్లలు మారినను సంతలును, పెండ్లి సంబంధములును మారలేదు గనుక, కే.వి.కుప్పము, గుడియాత్తము ప్రాంతపు టిండ్లలో నేటికిని తెలుగు వినబడుచునే యున్నది. గుడియాత్తము దాటినపిమ్మట బాట కొండలెక్కి, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన పలమనేరు పీఠభూమిని చేరును. క్రింద వేలూరు సీమ వేసవి యెండ, పైన కొండల యెక్కుడు: ఇంధనము సరిగా నందని బండి ఈ రెంటిలో నేదో యొకచోట తన లోపమును బయటపెట్టక మానదు.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున 1941లో పెట్రోలునకు రేషను విధింపబడెను. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమగుటయు, ఏప్రిలులో యేనాంగ్యాంగు చమురు బావులను వెనుదిరుగుచున్న బ్రిటిషువారే ధ్వంసము చేయుటయు జరుగగా, బర్మా చమురు మన రేవులకు వచ్చుట పూర్తిగా నిలిచిపోయెను. అస్సాములోని డిగ్బోయి చమురు సైన్యమునకే చాలనప్పుడు పల్లెబస్సునకు పెట్రోలెక్కడిది? అప్పుడు బస్సు యజమానులు కట్టెబొగ్గు నాశ్రయించిరి. మదురలోని టి.వి.యస్. సంస్థవారు బొగ్గువాయువు పుట్టించు యంత్రములను తామే తయారుచేసి బస్సులకు అమర్చిరి. మదరాసు రాజధానిలో అట్టి స్వయంకృషికి అప్పటికే పునాది పడియున్నది; కోయంబత్తూరు దాపున కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జనించిన జి.డి.నాయుడుగారు 1920లో పొల్లాచ్చి–పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలిడి పెంచిన యు.యమ్.యస్. సంస్థలో, బండి నడుపుటయు బాగుచేయుటయు రెండును ఒకే విద్యగా ఎంచబడినవి.

బొగ్గు బస్సు వెనుక తగిలించిన నిలువెత్తు ఇనుప పీపా వంటి కొలిమిలో కట్టెబొగ్గు నింపి, అడుగున నిప్పు రాజవేసి, గాలిని పరిమితముగా లోనికి పోనిచ్చినచో, మొదట పుట్టిన బొగ్గుపులుసు వాయువు పై పొరలలోని యెఱ్ఱని బొగ్గు గుండ పోవుచు కార్బను మోనాక్సైడుగా మారును. అదియే ఇంధనము. కాని అందు సగమునకు పైగా మండని నత్రజనియే యుండుటచే ఇంజను బలము మూడవవంతుకు పైగా తగ్గును. తెల్లవారుజామున క్లీనరు చేతితో పంకా త్రిప్పి, వాయువు సిద్ధమగువరకు వేచియుండవలెను. ఆ వాయువు వాసన లేని విషము. మూసిన కొట్టములో కొలిమి రాజవేసి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారు లోకమంతట గలరు. ఇంతటి యపాయముతో అరకొర జీతమునకు చేసిన ఆ చాకిరీని తలచినప్పుడు మనస్సు బరువెక్కును.

అట్టి బస్సు దారిలో వేగము తప్పినప్పుడు లోప మెచ్చటనని తెలియుటెట్లు? పంకా వాకిట వెలుగుచున్న వత్తి పట్టినచో, వాయువు నీలిచాయతో నిలుకడగా మండవలెను. అట్లు మండినచో కొలిమి మంచిదే, దోషము అటుపైన నున్న గొట్టములలోనో, వడపోతలోనో, గాలి కలుపు కవాటములోనో యుండును. మండకున్నచో కొలిమినే చూడవలెను: బొగ్గు తడిసియుండవచ్చును, బూడిద కరగి చిట్టెము కట్టి గాలిరంధ్రమును మూసియుండవచ్చును, లేక బొగ్గు గోడల కంటుకొని నడుమ డొల్ల యేర్పడి నిప్పునకు ఆహారము దిగక నిలిచియుండవచ్చును. అన్నిటికంటె చిక్కైనది బూడిద తలుపు కడనో అతుకుల కడనో సన్నని పగులు. ఇంజను పీల్చుచున్నంతసేపు ఆ పగులు గుండ వాయువు బయటికి రాదు, బయటిగాలి లోనికి చొచ్చును. కావున వాసనకు గాని చూపునకు గాని దొరకక, బలము మాత్రము హరించుచుండును. అతుకు దాటిన పిదప గొట్టము ఉండవలసిన దానికంటె వేడిగా నున్నచో, అచ్చట గాలి చొచ్చి వాయువు లోలోననే మండిపోవుచున్నదని చేయి పెట్టి నిర్ణయించెడివారు.

ఇందు గమనింపదగిన ముఖ్యాంశమేమనగా, ఇంధనము పుట్టినచోట మొదలిడి అది చేరవలసిన చోటి వరకు త్రోవను నడుమకు ఖండించి, ఏ ఖండములో లోపమున్నదో తేల్చుకొనుట. చివరి మడికి నీరందనప్పుడు చెరువు తూము కడ మొదలిడి కాలువ గట్టు వెంట నడచివచ్చు నీరుగంటి చేయునదియు నిదియే. యుద్ధము ముగిసి, పెట్రోలు మరల దొరకి, కొలిములు పాత ఇనుపసామానుల కొట్లకు చేరినను, ఈ క్రమము మాత్రము చేతులలో నిలిచిపోయెను.

పెట్రోలు బండ్లకును తొలినాళ్ళలో దారి సుగమము కాదు. 1908 మొదలు 1927 వరకు వెలువడిన ఫోర్డు టి నమూనా కారులో పంపు లేదు. చాలవరకు సీటు క్రింద నుండెడి ట్యాంకునుండి పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరునకు దిగవలెను. ట్యాంకులో పెట్రోలు తక్కువగా నుండి, ఎక్కుడు నిటారుగా నున్నచో ముందున్న కార్బురేటరు ట్యాంకు మట్టమునకు పైకి లేచును గనుక బండి ఆగిపోవును. కావున లోకమంతట ఆ కారు గలవారు కొండదారిలో బండిని వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులోనే శిఖరమెక్కెడివారు.

ఇంజను కామ్‌షాఫ్టు త్రోపుతో ఆడు డయాఫ్రం పంపులు వచ్చిన పిమ్మట ఆ బాధ తొలగినది. 1950ల చివర మొదలు 2014 వరకు ఉత్తరపాడాలో తయారైన అంబాసిడరు పెట్రోలు బండ్లలో చిరకాలము నడచినది ఇట్టి పంపే. వెనుక డిక్కీ కడ నున్న ట్యాంకునుండి సన్నని గొట్టము బండి పొడవునా ముందుకు వచ్చి, పంపు ద్వారా కార్బురేటరు గిన్నెను చేరును. గిన్నె నిండినప్పుడు అందలి ఫ్లోట్ సూదిని పైకి నొక్కి ద్వారము మూయును. మన మెకానిక్కులు బండి నిలిచినంతనే వేయు మొదటి ప్రశ్న “కరెంటా, పెట్రోలా?” ప్లగ్గు ఊడదీసి, దాని తీగకు తగిలించి, ఇంజను లోహమునకు ఆనించి, ఇంజనును త్రిప్పి చూచెదరు. నిప్పురవ్వ బలముగా నుండి ప్లగ్గు మొన పొడిగా నున్నచో పెట్రోలు రావడము లేదు. మొన తడిసియున్నచో పెట్రోలు వచ్చుచునే యున్నది. తప్పు కరెంటులోనైన నుండవలెను, లేక ఫ్లోట్ సూది అరిగి మితిమీరి పారుచుండవలెను.

తరువాత కార్బురేటరు కడ గొట్టము విప్పి, కొన సీసాలో నుంచి, ఇంజనును త్రిప్పుదురు. పెట్రోలు తెఱలు తెఱలుగా ఎగజిమ్మినచో పంపు నిర్దోషి; ఫ్లోట్ సూది యిరుకుకొన్నదో, జెట్టులో నలక చేరినదో చూచిన జాలును. జెట్టు పాక్షికముగ మూసికొన్నచో ఆక్సిలరేటరు నొక్కినప్పుడు కార్బురేటరులోనికి ఎదురుమంట పేలును, ప్లగ్గు మొన తెల్లబారును. పెట్రోలు చినుకులుగా మాత్రమే రాలినచో పంపునకు వెనుక వెదకవలెను. పంపు గాజుగిన్నెలో బుడగలు లేచుచున్నచో ట్యాంకు వైపు గొట్టమెచ్చటనో గాలి పీల్చుచున్నది. బుడగలు లేక గిన్నె నిండకున్నచో ఆ గొట్టమును పంపు కడ విప్పి టైరు పంపుతో ట్యాంకు వైపునకు గాలి కొట్టి, ట్యాంకులో గుడగుడ ధ్వని వచ్చునో లేదో చెవియొగ్గి వినవలెను. వినరానిచో త్రుప్పో చెత్తయో అడ్డుపడినదనుట నిశ్చయము. ఇంజనాయిలు కొలుచు పుల్లకు పెట్రోలు వాసన వచ్చినచో డయాఫ్రం చిరిగి పెట్రోలు క్రింది ఆయిలులోనికి దిగుచున్నది. అట్టి బండిని ఒక్క అడుగైనను నడపరాదు. గొట్టమునకు నోరుపెట్టి పెట్రోలు పీల్చు అలవాటు మాత్రము మహాపాపము. చుక్క యూపిరితిత్తులలోనికి జారినను తీవ్రమైన రోగము తెచ్చునని తెలియక ఎందఱు పసి క్లీనరులు ఆ పనికి పురికొల్పబడిరో!

ఈ లోపములలో రెండు మెకానిక్కును సైతము మోసగించునట్టివి. మొదటిది ట్యాంకు మూత. పెట్రోలు తరుగుచున్నకొలది దాని స్థానమును గాలి పూరింపవలెను. మూతలోని రంధ్రము మట్టితో మూసికొన్నచో ట్యాంకులో శూన్యమేర్పడి పంపు ఎంత లాగినను పెట్రోలు కదలదు. కొంతదూరము చక్కగా నడచి ఆగిన బండి, కొంతసేపు నిలిపిన పిదప తనంతట తానే బాగై మరల నడచును. నిలిచిన క్షణముననే మూత విప్పి, బుస్సుమని గాలి లోనికి పోవు చప్పుడు వినుటయే దానికి పరీక్ష. రెండవది వేలూరు సీమ వేసవికి సహజమైనది. పెట్రోలులోని తేలిక యంశములు నలువది డిగ్రీల లోపుననే ఆవిరి కాదొడగును. మే నెల మధ్యాహ్నము పూర్ణభారముతో నడచిన బండి కే.వి.కుప్పము వంటి ఊరి కడ టీ కొఱకు నిలిచినప్పుడు, ఫ్యాను గాలి ఆగి, ఇంజను దిమ్మ వేడి దానికి తగులుకొనియున్న పంపునకు పాకి, లోపలి పెట్రోలు ఆవిరియగును. డయాఫ్రం ఆ యావిరిని అణచి విడుచుటయే గాని ముందుకు త్రోయజాలదు. పంపుపై తడిగుడ్డ వేసి కొంతసేపు నిరీక్షించినచో ఆవిరి మరల ద్రవమై బండి నడచును. మూత లోపమునకును దీనికిని పైకి కనబడు లక్షణములు ఒక్కటే. మూత విప్పినంతనే గుణము కనబడిన మొదటిది, తడిగుడ్డతో కనబడిన రెండవది. ఈ భేదమెఱుగక మంచి పంపును విప్పి పాడుచేయుట కద్దు.

డీజెలు బండ్ల సంగతి వేఱు. 1948లో ఎన్నూరులో అశోక్ మోటార్సుగా వెలసి 1955లో అశోక్ లేలాండు అయిన సంస్థ బస్సులును, 1951లో వెలసిన బెంగుళూరు మైకో సంస్థవారి పంపులు, నాజిళ్ళును వచ్చిన పిదప, ప్రధానశత్రువు గొట్టములలో చేరు గాలియే యైనది. స్క్రూ వదులుచేసి, చేతిపంపు కొట్టి, నురుగు పోయి స్వచ్ఛమైన డీజెలు ధార వచ్చువరకు ఎయిర్ తీయవలెను. ఒక్కొక్క నాజిల్ గొట్టమును వదలించి చూడగా, దేనిని వదలించినను ఇంజను ధ్వని మారదో ఆ సిలిండరే పనిచేయుట లేదనుట తేటపడును.

ఇప్పుడు పెట్రోలు బండ్లలో పంపు ట్యాంకులోపలికే చేరినది. కార్బురేటరు కారులను 2000 తరువాతి కాలుష్య నియమములు తొలగింపగా, 2020 ఏప్రిలునుండి భారత్ స్టేజి 6 నియమములతో ద్విచక్రవాహనములలోను కార్బురేటరు చెల్లిపోయినది. ఈ విద్య నెఱిగిన మెకానిక్కులు వృద్ధులైరి. వారు తెలుగును తమిళమును కలిపి పలుకు పరిభాషతో సహా వారి పరీక్షాక్రమమును వారి నోటనే చెప్పించి వ్రాసిపెట్టుట, వేలూరు, చిత్తూరు కళాశాలల చరిత్రశాఖలు వెంటనే చేపట్టదగిన కార్యము.

పాతబండి నింకను ప్రేమతో నడుపుచున్నవారికి మరియొక నూతన సమస్య వచ్చిపడినది. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు గొట్టములు, డయాఫ్రంలు దానిచే ఉబ్బి మెత్తబడవచ్చును. ఏండ్లతరబడి ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డి కరగి ఫిల్టరుకు చేరవచ్చును. నీటిని పీల్చు గుణమున్నందున నెలల తరబడి నిలిపిన ట్యాంకులో త్రుప్పు హెచ్చవచ్చును. కావున అట్టివారు ట్యాంకును ఒక్కపరి దింపి కడిగించి, రబ్బరు భాగములను ఇథనాలునకు తాళు రకముతో మార్పించి, పంపునకు ముందొక పారదర్శకమైన ఫిల్టరు పెట్టించి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు దానిని తరచుగా చూచుకొనుచుండవలెను.