పడ్డచోటే నిలిచిన బండరాయి

1984లో అటారి హోమ్ కంప్యూటర్లకు వచ్చిన ‘బౌల్డర్ డాష్’ను ఆర్కేడ్ ఆటలకు ఇంటి నకలుగా చూసేవాళ్లున్నారు. మట్టి తవ్వడం, మీద పడే రాళ్ల నుంచి తప్పించుకోవడం 1982 నాటి ‘డిగ్ డగ్’లోనే ఉన్నాయి కదా అంటారు. నిజమే. కానీ ‘డిగ్ డగ్’లో కిందపడ్డ రాయి పగిలి మాయమైపోతుంది. ‘బౌల్డర్ డాష్’లో రాయి పడ్డచోటే ఉండిపోతుంది, దానిమీద ఇంకొకటి పడితే, పక్కన ఖాళీ ఉంటే, ఆ పైది అటు దొర్లుతుంది. ఆటలోని పాత్ర రాక్‌ఫోర్డ్ తవ్విన ప్రతి గడీ తర్వాతి అడుగులను మారుస్తుంది. దారి మూసుకుపోయిందంటే మూసింది ఆడేవాడే. చేతివేగపు ఆటను ఆలోచనకు పరీక్షగా మార్చింది ఈ నిలకడే.

కెనడాలో క్రిస్ గ్రే బేసిక్‌లో రాసిన నమూనాతో మొదలైన ఈ ఆటకు పూర్తి రూపమిచ్చింది పీటర్ లీపా. కింద ఆధారం పోతే రాయి పడుతుంది, ఏరుకోవాల్సిన వజ్రమూ అంతే. ఈ నియమానికి ఆటలోని దశలైన గుహల్లో ఎక్కడా మినహాయింపు లేదు. గుహల్లో తిరిగే సీతాకోకచిలుక మీద రాయి పడితే ఆ ప్రాణి పేలి వజ్రాలవుతుంది. అంటే ప్రాణం తీసే రాయే పనిముట్టు కూడా. ఎంత పొదుపైన కల్పన!

గుహల్లో మట్టినీ రాళ్లనూ చాలావరకు యాదృచ్ఛిక సంఖ్యలతో పరిచారు, ఇక ఇందులో రచయిత ఆలోచన ఏముందని అడగవచ్చు. కానీ ఆ యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలైన బీజసంఖ్య ఒకటే ఇస్తే ప్రతిసారీ అదే గుహ వస్తుంది. కాబట్టి పటమంతా దాచకుండా కొద్ది బైట్లతో సరిపెట్టవచ్చు. వచ్చినవాటిలో మంచివి ఏరి, గోడలూ ప్రాణులూ వాటిపై అమర్చవచ్చు. ఏరడమూ రచనే. పైగా ఎలా చల్లినా రాళ్లు చిక్కుముడులవుతున్నాయంటే బలం ఆ నియమాలది.

గడియారం తరుముతుంటే ఆలోచించే తీరికెక్కడిదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. తొందర ఉన్నమాట వాస్తవమే, గుహలో పాకే అమీబా ఎటు పెరుగుతుందో ముందే చెప్పలేమన్నదీ ఒప్పుకోవాలి. అయితే మిణుగురు ఎప్పుడూ ఎడమ అంచునే, సీతాకోకచిలుక కుడి అంచునే పట్టుకుని తిరుగుతాయి. తలమీద కదలకుండా ఉన్న రాయి చంపదు, పడుతున్న రాయే చంపుతుంది. ఇవి తెలిసినవాడు పరుగెత్తేముందే దారి వేసుకుంటాడు. 1986లో వచ్చిన కన్‌స్ట్రక్షన్ కిట్‌తో గుహలు గీసే పనీ అతని చేతికే వచ్చింది. నాణెం వేసి ఆడే యంత్రం దగ్గర అది కుదిరే పని కాదు.