ఎక్కడ ఆపాలి? - అబ్రహాం వాల్డ్ లెక్క

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ స్టోర్సుకు వచ్చిన సరుకును తనిఖీ చేయడమే నా పని. ఇరవై నమూనాలు చూడాలంటే ఇరవైయూ చూడాల్సిందే. మొదటి ఐదూ పనికిరావని తేలినా రిజిస్టరు నిండాలి కదా! ఈ ఆనవాయితీని లెక్కతో ప్రశ్నించినవారి చరిత్ర మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు ముక్కలు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గణాంకవేత్తల బృందమొకటి అమెరికా సైన్యం కోసం పనిచేసేది. మందుగుండు పరీక్షలో నిర్ణయించిన గుళ్లన్నీ కాల్చడం దండుగ, అనుభవజ్ఞుడైన అధికారి కొన్ని చూసే ఆపేస్తాడని నౌకాదళ అధికారి ఒకరు ఆలెన్ వాలిస్‌తో అన్నారు. వాలిస్, మిల్టన్ ఫ్రీడ్‌మన్ (తరువాత 1976లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందినది ఈయనే) 1943లో ఈ చిక్కును వాల్డ్ ముందు పెట్టారు. వాల్డ్, 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక అమెరికా చేరిన యూదు. ఆయన మొదట అంతగా నమ్మలేదు. రెండు మూడు రోజుల్లోనే దారి దొరికిందన్నాడు.

నూటికి 10 చెడ్డవుంటే మంచి సరుకు, 30 ఉంటే చెడ్డ సరుకు అనుకుందాం. 1తో మొదలుపెట్టి, చెడ్డది వచ్చినప్పుడల్లా 3తో, మంచిది వచ్చినప్పుడల్లా 7/9తో హెచ్చవేయాలి. (30ని 10తో, 70ని 90తో భాగిస్తే వచ్చినవే ఇవి.) లబ్ధం 19 దాటితే సరుకు తిరగ్గొట్టాలి. 1/19 కన్నా తగ్గితే తీసుకోవాలి. మధ్యలో ఉంటే ఇంకొకటి తీయాలి. మొదటే వరుసగా మూడు చెడ్డవి వస్తే 27, అక్కడితో సరి. అన్నీ మంచివే వస్తే 12వ దానితో సరుకు లోపలికి. ఎటు పొరబడినా సుమారు నూటికి 5. హద్దులు ముందే రాసి పెట్టుకోవాలి, అదే దీని ప్రాణం. విసుగొచ్చి ఆపే తనిఖీదారుకూ, కావలసిన జవాబు వచ్చేదాకా తీసే తనిఖీదారుకూ ఇందులో చోటులేదు.

పాత పద్ధతితో పోలిస్తే తరచు సగం నమూనాలే సరిపోయాయి. యుద్ధరహస్యంగా ఉంచిన ఈ పద్ధతి 1945లో బయటికొచ్చింది. అప్పుడు వాల్డ్, బెంగాల్‌లో జనపనార విస్తీర్ణం అంచనాకు మహలనోబిస్ విడతలుగా చేసిన సర్వేలను తనకు ముందరి ప్రయత్నాలలో ఒకటిగా పేర్కొన్నాడు. అదే తప్పుల హద్దుతో సగటున ఇంతకన్నా తక్కువ నమూనాలతో ముగిసే పరీక్ష ఉండదని 1948లో వోల్ఫోవిట్జ్‌తో కలిసి నిరూపించాడు.

రెండేళ్లకు ఉపన్యాసాల కోసం మన దేశం వచ్చాడు. 1950 డిసెంబరు 13న నీలగిరి కొండల్లో విమానం కూలి, భార్యతో సహా మరణించాడు. అప్పటికి ఆయన వయసు 48.